గ్రంథాలయానికి ఒక ఆనవాలు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ముప్ఫై ఏళ్లుగా అక్షరాలు రాసి బతుకుతున్నవాణ్ణి. మొదట గోడల మీదా రేకుల మీదా కుంచెతో బోర్డులు రాశాను, తర్వాత కంప్యూటర్ మీద అచ్చుకు అక్షరాలు కూర్చే డీటీపీ నేర్చుకున్నాను, ఇప్పుడు దుకాణాలకూ బడులకూ కంప్యూటర్ మీద లోగోలు గీసి ఇస్తున్నాను. మా ఊరి శాఖా గ్రంథాలయానికి కొత్త లోగో, కొత్త బోర్డు, కొత్త సభ్యత్వ కార్డు చేయించాలని, ఈ రోజుల్లో బ్రాండింగ్ అంటున్న ఆ పనంతా ఒకే చేతి మీదుగా జరగాలని కొందరు పాఠకులూ దాతలూ ఈ మధ్య సంకల్పించి నన్ను పిలిచారు. ఆ పని చేస్తున్న కొద్దీ నాకు తోచిన విషయాలు మా ఊరికే కాక రెండు తెలుగు రాష్ట్రాల్లోని చాలా గ్రంథాలయాలకు పనికొస్తాయన్న నమ్మకంతో మీ పత్రిక ద్వారా చెప్పుకుంటున్నాను.

మొదటి సమావేశంలో పెద్దలు అడిగినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. తెరిచిన పుస్తకం ఉండాలన్నారు, దాని మీద వెలుగుతున్న దీపం, వెనుక ఉదయిస్తున్న సూర్యుడు, చుట్టూ భూగోళం, కాలానికి తగ్గట్టు ఒక పక్కన కంప్యూటర్ కూడా ఉండాలన్నారు. వాళ్లు ప్రేమతో అడిగారు, ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ మా బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే అదే పుస్తకం, అదే దీపం, అదే సూర్యుడు నాలుగు ప్రైవేటు బడుల మీదా, రెండు కోచింగ్ కేంద్రాల మీదా కనిపిస్తాయి. వాటిలో కొన్ని నేను గీసినవే. పది గుమ్మాల మధ్య ఒక గుమ్మాన్ని గుర్తుపట్టించలేని గుర్తు ఎంత అర్థవంతమైనదైనా దాని పని అది చేయలేదు.

ఇంగ్లీషులో బ్రాండ్ ఐడెంటిటీ అంటున్నదానికి మనకు చక్కని మాట ఉంది, ఆనవాలు. ఆ మాట వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు చూపించిన ఉంగరం. ఆ ఉంగరం మీద రాముడి కథంతా చెక్కి లేదు, రూపం కూడా లేదు. ‘రామనామాంకితం’ అన్నాడు వాల్మీకి, అంటే దాని మీద ఉన్నది పేరు. చూడగానే ఇది ఎవరిదో తెలిసింది, తెచ్చినవాడి మీద నమ్మకం కుదిరింది. మా గ్రంథాలయానికి కూడా బొమ్మ కంటే ముందు పేరు సరిగ్గా, స్పష్టంగా, ఎప్పుడూ ఒకే తీరుగా రాసుకోవడం అవసరమని నేను ఆ సమావేశంలో విన్నవించాను.

పేరు సరిగ్గా రాయడం అన్నది చిన్న విషయం కాదు. మా ఊరి పాత బోర్డు మీద ‘గ్రంధాలయం’ అని ఉంది. అలాంటి బోర్డులు నేను చాలా ఊళ్లలో చూశాను, వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే రాశాను. సరైన అక్షరం ‘థ’. గ్రంథం అన్న మాటకు మూలంలో ముడివేయడం, గుదిగుచ్చడం అన్న అర్థం ఉంది. తాటాకులను తాడుతో కట్టి ఉంచిన రోజుల నాటి మాట అది, ‘గ్రంథి’ అంటే ముడి అన్నదీ దాని చుట్టమే. ‘థ’కు బదులు ‘ధ’ రాస్తే ఏం పోయిందని అడిగేవాళ్లకు, ‘అర్థం’ అన్నచోట ‘అర్ధం’ అని రాస్తే అది సగం అయిపోతుందని చెప్పాల్సి వస్తుంది. బడి పిల్లవాడు తప్పు రాస్తే దిద్దుకోవడానికి వచ్చే చోటు గ్రంథాలయం. ఆ చోటి నొసటి మీదే తప్పు ఉండకూడదు.

ఈ తప్పు ఎందుకు ఇంతగా పాకిందో బోర్డులు రాసేవాడిగా నాకు తెలిసిన కారణం ఒకటుంది. ‘ధ’కూ ‘థ’కూ కంటికి కనిపించే తేడా మధ్యలో ఉండే ఒక్క చుక్క. లావు కుంచెతో ఎనామిల్ పెయింట్ వేసేటప్పుడు ఆ చుక్క చుట్టూ ఖాళీ మిగలదు, రంగు కాస్త జారితే పూడుకుపోతుంది. రబ్బరు స్టాంపులో సిరా నిండి పోతుంది, చిన్న అచ్చులో కలిసిపోతుంది. అందుకే పని సులువు కోసం చుక్క మానేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల బోర్డులు చూసి అదే సరైనదనుకుని నేర్చుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. కాబట్టి గ్రంథాలయానికి అక్షరాలు గీసేవాళ్లు మొట్టమొదట ‘థ’ కడుపును వెడల్పుగా తెరిచి, చుక్కకు చుట్టూ గాలి ఆడేటంత చోటు వదిలి, అంగుళం సైజు స్టాంపులోనూ అది విడిగా నిలుస్తుందో లేదో పరీక్షించాలి. నేను ఈ ఒక్క అక్షరం మీదే పదకొండు రోజులు కూర్చున్నాను. ఇంగ్లీషు రాతలో కూడా ఒక చోట ‘గ్రంధాలయం’ అని పలికేలా, మరో చోట ‘గ్రంథాలయం’ అని పలికేలా, ఇంకో చోట ‘పబ్లిక్ లైబ్రరీ’ అని మూడు తీర్లుగా ఉంటోంది. వాటిలో ఏదో ఒకటి నిర్ణయించి అన్నిచోట్లా అదే వాడటం మంచిది.

పేరు విషయంలో మరొక మాట. మా బోర్డు మీద గ్రంథాలయం అన్న మాట కంటే ముందు జిల్లా గ్రంథాలయ సంస్థ పేరు, తర్వాత ‘శాఖా గ్రంథాలయం’, ఆ తర్వాత గ్రేడు ఎన్నోదో ఉంటాయి. గ్రేడు అన్నది కార్యాలయం లెక్కల కోసం పెట్టుకున్నది. దారిన పోయేవాడికి దానితో పని లేదు. పైగా మూడో గ్రేడు అని గుమ్మం మీద చదివిన పాఠకుడు లోపల ఉన్నవి కూడా మూడో రకం పుస్తకాలేమో అనుకునే ప్రమాదం ఉంది. మన గ్రంథాలయోద్యమం నడిపిన పెద్దలు పేర్ల విషయంలో ఎంత శ్రద్ధ పెట్టారో గుర్తు చేసుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగుకు అధికార గౌరవం లేని కాలంలో, 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు స్థాపించిన గ్రంథాలయానికి ‘శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం’ అని పేరు పెట్టారు. 1904లో హనుమకొండలో ‘రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం’ వచ్చింది. ఆ పేర్లే ఆ రోజుల్లో పెద్ద ప్రకటనలు. ఈ ఇంట్లో ఫలానా భాష బతుకుతుందని అవి గుమ్మం మీదే చెప్పాయి. 1911 నాటి విజయవాడ రామమోహన గ్రంథాలయం ఒక సంఘ సంస్కర్తను తలుచుకుంది. 1918లో వేటపాలెంలో మొదలై, 1929లో గాంధీజీ చేత కొత్త భవనానికి శంకుస్థాపన చేయించుకున్న సారస్వత నికేతనం పేరు ఈనాటికీ చెవికి ఇంపుగా ఉంటుంది. ఆ పేర్లు పలికితే ఊరు గుర్తొస్తుంది, ఊరి పేరు పలికితే ఆ గ్రంథాలయం గుర్తొస్తుంది. ఇంతకు మించిన బ్రాండింగ్ నేను నా వృత్తిలో చూడలేదు. ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలకు ఇప్పుడు కొత్తగా పేర్లు పెట్టమని నేను కోరడం లేదు, అది మళ్లీ ఎవరి పేరు పెట్టాలన్న తగవుకు దారి తీస్తుంది. బోర్డు మీద ఊరి పేరూ, గ్రంథాలయం అన్న మాటా పెద్దవిగా కలిపి రాసి, సంస్థ పేరు కింద చిన్నగా రాసి, గ్రేడును ఫైళ్లకు వదిలేస్తే చాలు.

గుర్తు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బొమ్మ అక్కర్లేదని నేను అనడం లేదు. ఇంకా చదవడం రాని పిల్లలకూ, దూరం నుంచి చూసేవాళ్లకూ బొమ్మే తోడు. అయితే ఆ బొమ్మ ఆ చోటికి చెందినదై ఉండాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రధాన భవనం ముందు రెండు రాతి సింహాలున్నాయి. 2009లో తన గుర్తును కొత్తగా గీయించుకున్నప్పుడు ఆ సంస్థ సింహం ముఖాన్నే ఉంచుకుంది. ఊరివాళ్లు తరతరాలుగా చూస్తూ పెరిగినదాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడంలో ఉన్న తెలివి అది. అలాంటి రాతి సింహాలు మా ఊళ్లో లేవు. కానీ మా ప్రాంతానికి ఒక పడవ ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పడవ ప్రయాణమే ముఖ్యమైన ప్రయాణంగా ఉన్న రోజుల్లో, ప్రయాణం చేసేవాళ్లకూ, గట్టున ఎదురుచూసే ఊళ్లవాళ్లకూ పుస్తకాలు నీటి మీద వచ్చాయి. ఈ సంగతి మా పట్టణంలో ఎంతమందికి తెలుసునని నేను వాకబు చేస్తే, డెబ్భై దాటినవాళ్లు కొందరు తప్ప తెలిసినవాళ్లు దొరకలేదు. మా కాలువలు అవే, గట్లు అవే. ఆ జ్ఞాపకం మాత్రం పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. దాన్ని తిరిగి గుమ్మం మీదికి తేవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

నేను గీసింది ఇది. ‘గ్రం’ అన్న అక్షరంలో గకారం కింద చుట్టివచ్చే రకారపు గీతను క్రావడి అంటారు. ఆ క్రావడిని కొంచెం సాగదీసి, ఎడమ కొసను పైకెత్తి రాస్తే అది పడవ అడుగులా ఒదుగుతుంది. దాని మీద గకారం గూడులా నిలుస్తుంది, పక్కనున్న సున్న గట్టు మీది పొద్దులా కనిపిస్తుంది. చదివేవాడికి అది అక్షరం, చదవలేని పసివాడికి పడవ. విడిగా పుస్తకం బొమ్మ అక్కర్లేకపోయింది, దీపమూ అక్కర్లేకపోయింది. ఇది మా డెల్టాకు నప్పుతుంది గాని అనంతపురానికో ఆదిలాబాదుకో నప్పదు, నప్పాలని కోరుకోవడం కూడా సరి కాదు. ఏ జిల్లా అయినా తన గ్రంథాలయాల చరిత్రలోనో, తన నేల మీదో చేయెత్తి చూపగల ఆనవాలు వెతుక్కోవాలి. అన్ని జిల్లాలకూ అక్షరాల తీరు ఒకటే ఉండి, గుర్తు మాత్రం ఎవరిది వాళ్లకు ఉంటే కుటుంబం ఒకటేనని తెలుస్తుంది, ఇల్లు ఏదో కూడా తెలుస్తుంది.

లోగో అనగానే అందరూ గుమ్మం మీది బోర్డునే ఊహిస్తారు. కానీ గ్రంథాలయం తన గుర్తును ఎక్కువ సార్లు వేసేది పుస్తకాల మీద, రబ్బరు స్టాంపుతో, ఊదా సిరాతో. పుస్తకం వచ్చిన రోజున ముఖపత్రం మీదా, లోపల నిర్ణయించుకున్న ఒక పుట మీదా పడే ఆ ముద్ర, ఆ పుస్తకం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. బోర్డు పదేళ్లలో మారుతుంది, స్టాంపు పడిన పుట యాభై ఏళ్లు నిలుస్తుంది. నా చిన్నప్పుడు ఇంటికి తెచ్చుకున్న పుస్తకంలో ఆ గుండ్రటి ముద్ర కనిపిస్తే, దాన్ని చించకూడదు, మడవకూడదు, మళ్లీ ఇచ్చేయాలి అన్న భయభక్తులు ఎవరూ చెప్పకుండానే కలిగేవి. కాబట్టి నా దగ్గరకు వచ్చినవాళ్లతో నేను పెట్టుకున్న మొదటి షరతు, గుర్తు ఒకే రంగులో, అంగుళం వెడల్పులో, సిరా అరిగిపోయిన స్టాంపుతో కొట్టినా గుర్తుపట్టేలా ఉండాలన్నది. నాలుగు రంగులూ నీడలూ మెరుపులూ ఉన్న గుర్తు కంప్యూటర్ తెర మీద ఎంత ముచ్చటగా ఉన్నా ఆ పరీక్షలో నిలబడదు. తర్వాతి పరీక్ష పుస్తకం వెన్ను మీద అంటించే చీటీ. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827 అని గ్రంథపాలకులకు తెలుసు, మామూలు పాఠకుడికి తెలియనక్కర్లేదు. బీరువా మీద ఆ అంకెతో పాటు ‘కథలు, నవలలు, కవిత్వం’ అని తెలుగు మాటలు చేతి వెడల్పు అక్షరాలతో రాస్తే, అడగడానికి బిడియపడేవాళ్లు, ముఖ్యంగా మొదటిసారి వచ్చిన ఆడపిల్లలు, ఎవరినీ అడగకుండా కావలసిన చోటికి వెళ్లగలుగుతారు. పత్రికలు చదివే మగవాళ్లతో నిండిన ముందు గది దాటి లోపల తమకూ చోటుందని వాళ్లకు తెలియడం నాకు లోగో కంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

రంగుల విషయం నాజూకైనది కాబట్టి సూటిగానే చెబుతాను. ప్రజల భవనాల రంగులు ఎన్నికల ఫలితాలను బట్టి మారడం మంచి పద్ధతి కాదు. పంచాయతీ భవనాలకు రాజకీయ పార్టీ జెండాను తలపించే రంగులు వేయడం మీద 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభ్యంతరం చెప్పింది, సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే నిలిపింది. గ్రంథాలయాలకు కూడా అదే వర్తించాలి, ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే. మా సమావేశంలో ప్రతి రంగుకూ ఎవరో ఒకరు ఏదో ఒక జెండాను గుర్తుచేసుకున్నారు. చివరకు నేను మట్టి ఇటుక రంగునూ, పాత కాగితపు తెలుపునూ సూచించాను. ఇటుక రంగుకు మరో గుణం ఉంది. ఆ రంగు మట్టిలో ఉండే ఇనుప తుప్పు నుంచి వస్తుంది కాబట్టి మన ఎండకు త్వరగా వెలవదు. ఫ్లెక్సీల మీది ఎరుపూ పసుపూ మొదట పోయి, చివరకు అందరి ముఖాలూ నీలంగా మిగలడం మనం రోజూ చూస్తున్నదే. ఫ్లెక్సీ ఎంత చవకైనా రెండు వేసవులకు మించి ఉండదు, పాతబడ్డాక చెత్తలో పడి కుళ్లదు, కాలిస్తే విషపు పొగ. గ్రంథాలయం బోర్డు రేకు మీదో, గోడ మీదో కుంచెతో రాయిస్తే మన్నుతుంది. ఊళ్లో మిగిలి ఉన్న ఇద్దరు ముగ్గురు పెయింటర్లకు నాలుగు రోజుల కూలీ కూడా దొరుకుతుంది.

దాతల పేర్ల గురించి ఒక్క మాట. పుస్తకాలకూ బల్లలకూ డబ్బిచ్చినవాళ్లను ఊరు గౌరవించాలి, లోపలి గోడకు ఒక శిలాఫలకం పెట్టి అందులో అందరి పేర్లూ ఒకే సైజులో చెక్కించాలి. గుమ్మం మీద మాత్రం గ్రంథాలయం పేరు తప్ప మరొక పేరు ఉండకూడదు.

ఇప్పుడు నా ఉత్తరంలోని ముఖ్యమైన సంగతికి వస్తాను. మా గ్రంథాలయం పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి, మధ్యాహ్నం మూసి ఉంటుంది. వారపు సెలవు శుక్రవారం. ఇవి ఎక్కడా బయట రాసి లేవు. బడికి ఆదివారం సెలవు కాబట్టి గ్రంథాలయానికీ ఆదివారమే సెలవనుకుని పిల్లలు ఆ రోజు రారు. పొరుగూరి నుంచి పోటీ పరీక్షల పుస్తకం కోసం బస్సెక్కి మధ్యాహ్నం పన్నెండుకు వచ్చిన యువకుడు తాళం చూసి, ఇది ఎప్పుడో మూతపడిందనుకుని వెనుదిరగడం నేను నా దుకాణం మెట్ల మీద నుంచి చూశాను, పిలిచి చెప్పేలోగా బస్సెక్కేశాడు. ఇలా ఎంతమంది వెళ్లిపోయి ఉంటారో అనుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. వేళలూ సెలవూ తాళం వేసి ఉన్నప్పుడు కూడా కనిపించేలా, వీధిలోంచి చదవగలిగేలా రాసిన రెండడుగుల బోర్డు ఆ సూత్రానికి మనం చేయగల మొదటి మర్యాద. నన్నడిగితే బ్రాండింగ్ అక్కడి నుంచే మొదలవ్వాలి, లోగో తర్వాత వచ్చినా నష్టం లేదు.

ఆ తర్వాత దారి చూపే బోర్డులు. ఆసుపత్రి ఎటు, పెట్రోలు బంకు ఎటు అని రోడ్ల మీద నీలం బోర్డులు ఉంటాయి. గ్రంథాలయం ఎటు అన్న బోర్డు మా బస్టాండులో లేదు, నేను తిరిగిన పట్టణాల బస్టాండుల్లోనూ నా కంటపడలేదు. అమెరికాలో అక్కడి గ్రంథాలయ సంఘం 1982లో ఒక జాతీయ చిహ్నాన్ని ఆమోదించింది. పుస్తకం పట్టుకుని చదువుతున్న మనిషి ఆకారం, నీలం మీద తెలుపు. ఏ రాష్ట్రంలో ఉన్నా రోడ్డు పక్కన అది కనిపిస్తే దగ్గరలో గ్రంథాలయం ఉందని అర్థం. మనకు 1914లోనే విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభ జరుపుకున్న చరిత్ర ఉంది, అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు నెలకొల్పిన చరిత్ర ఉంది. అలాంటి నేల మీద దారి తెలిపే ఒక్క గుర్తు అందరికీ ఉమ్మడిగా లేకపోవడం లోటే. ఊరి గుర్తులు ఎవరివి వారికి ఉండనిచ్చి, రోడ్డు మీది దారి గుర్తు మాత్రం రెండు రాష్ట్రాలకూ ఒకటే చేసుకోవచ్చు.

ప్రజలకు గ్రంథాలయం తమదని తెలియడానికి ఇంకొక చోటుంది, దాన్ని ఎవరూ తలచుకోరు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. రసీదులో అది ఒక వరుసగా ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. అంటే ఇంటిపన్ను కట్టే ఎవరైనా ఆ గ్రంథాలయానికి చందాదారుడే, గుమ్మం తొక్కినా తొక్కకపోయినా. ఆ వరుస పక్కన గ్రంథాలయం గుర్తును చిన్నదిగా అచ్చువేసి, రసీదు వెనుక తమ వార్డుకు దగ్గరలో ఉన్న గ్రంథాలయం చిరునామా, వేళలు నాలుగు పంక్తుల్లో వేస్తే, ఆ కాగితం ఊళ్లోని ప్రతి ఇంటికీ ఉచితంగా చేరుతుంది. ఏ ప్రచారానికీ ఇంత మంది చేతికి అందే కాగితం దొరకదు. ఇది పురపాలక, పంచాయతీ, గ్రంథాలయ శాఖలు కలిసి కూర్చుని చేయవలసిన పని, కానీ ఖర్చు పెద్దగా లేని పని.

పని పూర్తయ్యాక దాన్ని కాపాడుకోవడం గురించి కూడా అనుభవం మీద చెబుతున్నాను. పదిహేనేళ్ల కిందట ఒక సంస్థకు నేను గీసిన గుర్తు ఇప్పుడు దాని అసలు రూపంలో ఎక్కడా లేదు. ఫైలు ఒక డీటీపీ కేంద్రంలో ఉండేది, ఆ కేంద్రం మూతపడింది, తర్వాత వచ్చినవాళ్లు పాత ఆహ్వాన పత్రికను ఫొటో తీసి, సాగదీసి, అదే వాడుకుంటున్నారు. గ్రంథాలయానికి అలా జరగకూడదు. గుర్తు ఏ సైజుకైనా చెదరకుండా పెరిగే వెక్టర్ ఫైలుగా గ్రంథాలయ సంస్థ దగ్గరా, ఊరి గ్రంథాలయం దగ్గరా ఉండాలి. దాన్ని ఎలా వాడాలో, ఎలా వాడకూడదో ఒకే ఒక్క పేజీలో తెలుగులో రాసి గోడకు అంటించాలి. అక్షరాలకు డబ్బు పెట్టి కొనే ఫాంట్లు అక్కర్లేదు. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, తిమ్మన వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా వాడుకునేలా ఉన్నాయి. వాటిలో రామభద్ర లావుగా, బోర్డులకూ శీర్షికలకూ నప్పుతుంది; మండలి చదవడానికి హాయిగా ఉండి నోటీసులకు సరిపోతుంది. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన నోటీసును ఫోన్లో పంపితే అక్షరాలు ముక్కలవుతాయి, వెతికితే దొరకవు; యూనికోడ్‌లో కూర్చినది చూపులేనివారికి ఫోన్ చదివి కూడా వినిపిస్తుంది. మరో జాగ్రత్త, ఇంగ్లీషు కోసం కట్టిన కొలతల్లో తెలుగును ఇరికించకూడదు. మన అక్షరాలకు పైన గుళ్లూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి. పంక్తికీ పంక్తికీ మధ్య ఇంగ్లీషుకు ఇచ్చే దానికంటే ఎక్కువ ఖాళీ ఇవ్వకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. చూపు మందగించిన పెద్దలు ఎక్కువగా వచ్చే చోట ఇది చిన్న తప్పు కాదు.

పుస్తకాలు కొనడానికే డబ్బు చాలనప్పుడు, గ్రంథపాలకుల ఖాళీలే నిండనప్పుడు లోగోలూ రంగులూ ఎందుకని ఒక పెద్దాయన నన్ను సమావేశంలోనే అడిగారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కారుతున్న పైకప్పును ఏ గుర్తూ దాచలేదు, దాచడానికి గీయమంటే నేను గీయను. లక్షలు పోసి పట్నం ఏజెన్సీతో చేయించుకునే పని అయితే నేనే వద్దంటాను, ఆ డబ్బుతో పుస్తకాలు కొనమంటాను. అయితే సరిగ్గా రాసిన పేరు, కనిపించే వేళలు, చెదరని స్టాంపు, పిల్లవాడి చేతికి గర్వంగా ఇవ్వగల సభ్యత్వ కార్డు, వీటికి అయ్యే ఖర్చు ఒక బీరువా ధర కూడా ఉండదు. పాఠకులు రావడం లేదని నిధులు తగ్గిస్తారు, నిధులు లేవని పుస్తకాలు తగ్గుతాయి, పుస్తకాలు లేవని పాఠకులు రారు. ఈ గానుగ తిరుగుడును ఎక్కడో ఒకచోట ఆపాలి. తలుపు తెరిచి ఉందని తెలిసిన పది మంది కొత్తవాళ్లు లోపలికి వస్తే, మాకు ఫలానా పుస్తకాలు కావాలని అడిగే గొంతులు పది పెరుగుతాయి.

సభ్యత్వ కార్డు అన్నాను కాబట్టి నా సొంత సంగతి ఒకటి చెప్పడం తప్పు కాదనుకుంటాను. నేను పదేళ్ల వయసులో ఇదే గ్రంథాలయంలో సభ్యుణ్ణయ్యాను. అప్పటి గ్రంథపాలకుడు పసుపుపచ్చ అట్ట మీద నా పేరును నల్ల సిరాతో ముత్యాల్లా రాసిచ్చారు. నా పేరు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ అక్షరాలను చూసి చూసి రాస్తూ, అక్కడ బల్ల మీది వారపత్రికల శీర్షికలను పలక మీద దిద్దుతూ నేను ఈ వృత్తిలోకి వచ్చాను. కొత్త కార్డుల మీద పేరు అచ్చు వేయకుండా, గ్రంథపాలకులు చేత్తో రాయడానికి చోటు వదలమని నేను కోరింది అందుకే.

ప్రతి ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఏ ఊళ్లోనైనా ఇలాంటి మార్పు తలపెడితే, గీసిన నమూనాలను ఆ వారం రోజులూ చదువుకునే గదిలో గోడకు పెట్టి, పాఠకులూ పిల్లలూ పెద్దలూ తమ అభిప్రాయం రాయడానికి పక్కనే ఒక నోటుపుస్తకం ఉంచాలని గ్రంథాలయ సంస్థల అధికారులను కోరుతున్నాను. మా ఊరి కోసం నేను గీసిన గుర్తుకు డబ్బు తీసుకోవడం లేదు, దాని హక్కులన్నీ గ్రంథాలయానికే రాసిస్తున్నాను. పడవ గుర్తు నచ్చకపోతే తీసివేయవచ్చు. వేళల బోర్డు మాత్రం వారోత్సవాల దాకా ఆగనక్కర్లేదు. తెల్ల సున్నం వేసిన గోడ, ఒక నిచ్చెన చూపిస్తే, రేపటి పొద్దునే వచ్చి రాసి ఇస్తాను.

భవదీయుడు,
ఒక బోర్డు ఆర్టిస్టు, శాఖా గ్రంథాలయ పాఠకుడు
కృష్ణా పశ్చిమ డెల్టా